లద్దాఖ్ ఫీల్డ్ పోస్టింగ్, బాబు తొమ్మిదిలోకి: ఇంటిని ఎక్కడ నిలపాలి, వెళ్లేలోపు ఏం చక్కబెట్టాలి?

ఆలివ్16 అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ర్యాంకు లెఫ్టినెంట్ కల్నల్, సర్వీసు 16 ఏళ్లు. సికింద్రాబాద్ నుంచి లద్దాఖ్‌లో ఫీల్డ్ యూనిట్‌కి పోస్టింగ్ సిగ్నల్ వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో రిపోర్ట్ చేయాలి, అంటే చేతిలో ఏడు వారాలు. బాబు ఆర్మీ పబ్లిక్ స్కూల్లో ఎనిమిది, పాప అక్కడే మూడు. మా ఆవిడది ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం. అమ్మ వరంగల్‌లో ఒక్కతే ఉంటోంది, బీపీ, షుగర్ ఉన్నాయి.

సికింద్రాబాద్‌లోనే కుటుంబాన్ని ఉంచాలా, వరంగల్‌కి మార్చాలా? కాగితాల్లో ఏవి ఇప్పుడే చూసుకోవాలి? సెలవులు పిల్లల క్యాలెండర్‌కి సరిపోయేలా పెట్టుకోవడం లద్దాఖ్ నుంచి కుదురుతుందా? ఈ మూడింటికీ తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గన్నర్‌గారిల్లాలు:

అన్నయ్యా, క్వార్టర్ సంగతి తర్వాత. ముందు బాబు తరగతులు లెక్కపెట్టండి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు ఒకే రాష్ట్రంలో సాగాలి, దానికి రెండు కారణాలు.

మొదటిది సీబీఎస్ఈ. తొమ్మిదిలో రిజిస్ట్రేషన్ అవుతుంది, పదిలో బోర్డు పరీక్ష ఆ రిజిస్ట్రేషన్ మీదే రాస్తారు. పదిలోకీ పన్నెండులోకీ నేరుగా కొత్త స్కూల్లో చేర్చుకోరు. తండ్రి బదిలీ లాంటి కారణం చూపి బోర్డు అనుమతి తెచ్చుకుంటే చేర్చుకుంటారు కానీ, అది అర్జీలు, ఆమోదాల వ్యవహారం. తొమ్మిది మొదట్లో మారడం పెద్ద చిక్కు కాదు. తొమ్మిది మధ్యలో మారితేనే రిజిస్ట్రేషన్‌లో పేరు, పుట్టిన తేదీ తప్పులు దొర్లి, అవి పదో తరగతి సర్టిఫికెట్ దాకా వెళ్తాయి.

రెండోది లోకల్ కోటా. ఫౌజీ ఇళ్లలో చాలామంది దీన్ని ఇంటర్ అయ్యాక గానీ గుర్తు చేసుకోరు. తెలంగాణ వైద్య కళాశాలల్లో రాష్ట్ర కోటా సీటుకి, 2024లో మార్చిన నియమం ప్రకారం, అర్హత పరీక్షకి ముందు నాలుగేళ్లు వరుసగా ఇక్కడే చదివి ఉండాలి. ఇంజినీరింగ్‌లోనూ లోకల్ లెక్క చదివిన చోటును బట్టే. సైనికుల పిల్లలకి సడలింపులు, కాప్ కోటా (సాయుధ దళాలవాళ్ల పిల్లలకి కేటాయించే సీట్లు) ఉన్నాయి నిజమే, అయినా నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు చేతిలో ఉన్నవాడికి వాటితో పనే పడదు. బాబు ఇప్పుడు సరిగ్గా ఆ గుమ్మం మీదున్నాడు.

దీనికి మీ కెరీర్ లెక్క కూడా కలపండి. కల్నల్‌కి నంబర్ త్రీ సెలక్షన్ బోర్డు (ప్రమోషన్‌కి ఎంపిక చేసే బోర్డు) చూసేది కొంచెం అటూ ఇటూగా మీ సర్వీసు దగ్గరే. ఎంపికైతే యూనిట్ కమాండ్ వస్తుంది, అదీ ఫీల్డ్‌లోనే పడొచ్చు, అప్పటికి బాబు పదో పదకొండో. ఎంపిక కాకపోతే 26 ఏళ్ల సర్వీసుకి టైమ్ స్కేల్ కల్నల్ (ఎంపికతో కాక సర్వీసు లెక్కన వచ్చే ర్యాంకు), 54 ఏళ్లకి రిటైర్మెంట్, మధ్యలో కాస్త కుదురైన పోస్టింగులు. ఎటు తిరిగినా వచ్చే నాలుగేళ్లలో మీరు కనీసం ఒకసారి కదులుతారు. అందుకని ఇల్లు మీ వెంట తిరగడం కాదు, మీరే ఇంటికి వచ్చి పోతుండాలి. ఈ నాలుగేళ్ల వరకూ ఇదే పద్ధతి అని పిల్లలిద్దరితోనూ ఇప్పుడే చెప్పేయండి. ఏటా మార్చి వచ్చేసరికి "ఈసారి ఎక్కడికి" అనే బెంగ ఉండదు.

ఇక ఇల్లు. ఫీల్డ్‌కి వెళ్లే ఆఫీసర్‌కి మూడు దార్లు: స్టేషన్ హెడ్‌క్వార్టర్స్ అనుమతితో ఉన్న క్వార్టర్‌లోనే కొనసాగడం, ఎస్ఎఫ్ క్వార్టర్ (కుటుంబం విడిగా ఉండేవాళ్ల కోసం కేటాయించేది), లేదా ఎస్పీఆర్, అంటే మీరు ఎంచుకున్న ఊళ్లో సొంతిల్లో అద్దిల్లో పెట్టుకుని హెచ్ఆర్ఏ (ఇంటద్దె అలవెన్సు) తీసుకోవడం. స్కూలు బస్సు, మిలిటరీ ఆసుపత్రి, క్యాంటీన్ మూడూ అందుబాటులో ఉన్నాయి కాబట్టి నా ఓటు సికింద్రాబాద్‌లోనే ఎస్ఎఫ్‌కి. వెయిటింగ్ లిస్టులో సీనియారిటీ ఉంటుంది. పోస్టింగ్ సిగ్నల్ కాపీతో ఈ వారమే దరఖాస్తు పెట్టండి, మూవ్‌మెంట్ ఆర్డర్ దాకా ఆగకండి. ఎస్ఎఫ్ ఖాళీ అయ్యేవరకు ఉన్న క్వార్టర్‌లో ఉండటానికి విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. నోటిమాట మీద ఉండిపోతే, తేదీ దాటాక పెనాల్టీ అద్దె వేస్తారు, అది నేరుగా జీతంలోనే కోత పడుతుంది.

అమ్మగారిని మీ ఇంటికే తెచ్చుకోవడం మేలు. వరంగల్‌లో మిలిటరీ ఆసుపత్రి లేదు, నూటయాభై కిలోమీటర్ల దూరం నుంచి ప్రతి నెలా బీపీ మాత్రలకి రావడం ఆవిడ వల్ల కాదు.

ఓరుగల్లు_సప్పర్:

పై సలహాతో సగమే ఏకీభవిస్తాను. వరంగల్ కూడా తెలంగాణే, లోకల్ లెక్క అక్కడా చెల్లుతుంది. కేంద్రీయ విద్యాలయం ఉంది, బదిలీ అయ్యే రక్షణ ఉద్యోగుల పిల్లలకి చేరికలో మొదటి కేటగిరీ ప్రాధాన్యం. సొంతిల్లు ఉంటే అద్దె బాధ లేదు, హెచ్ఆర్ఏ వస్తుంది. పెద్దవాళ్లని అరవై ఐదేళ్లకి ఊరు మార్పించడం అంత తేలిక కాదు, అలవాటైన డాక్టరు, ఇరుగుపొరుగు అందరూ అక్కడే ఉంటారు.

కాకపోతే ఒక తేడా గమనించండి. డీఏ 50 శాతం దాటాక హెచ్ఆర్ఏ శ్లాబులు 30, 20, 10 అయ్యాయి. హైదరాబాద్ ఎక్స్ తరగతి నగరం, 30 శాతం. వరంగల్ వై తరగతి, 20 శాతం. అలాగే ఆర్మీ పబ్లిక్ స్కూల్ నుంచి కేవీకి వెళ్తే ఖాళీ ఉండాలి. కేవీ నుంచి కేవీకి మారినంత సులువు కాదిది. ముందు స్కూల్లో సీటు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే ఇల్లు మార్చండి. ఈ వరస తిప్పి చేసినవాళ్లకి జూన్‌లో ప్రైవేటు స్కూలు డొనేషనే గతి.

పాతలెడ్జర్:

కాగితాల సంగతి నేను చెప్తాను, ఓపిగ్గా చదవండి సార్.

ఆఫీసర్ కుటుంబానికి సంబంధించి ప్రభుత్వానికి తెలిసేదంతా పార్ట్ టూ ఆర్డర్ల (యూనిట్ ప్రచురించే అధికారిక నమోదు ఉత్తర్వులు) ద్వారానే. పెళ్లయిందని మీ యూనిట్ పార్ట్ టూ ప్రచురించకపోతే, పుణెలో పీసీడీఏ ఆఫీసర్స్ (ఆఫీసర్ల జీతాల లెక్కలు చూసే కార్యాలయం) దృష్టిలోనూ, ఢిల్లీ రికార్డుల దృష్టిలోనూ మీరు బ్రహ్మచారే. పిల్లలు పుట్టినా అంతే. మీకు పెళ్లప్పుడు అన్నీ అయ్యాయనే అనుకుంటారు. అయినా అడ్జుటెంట్ దగ్గర మీ రికార్డ్ ఆఫ్ సర్వీస్ తెప్పించుకుని, భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఒక్కో దానికీ పార్ట్ టూ నంబరు, తేదీ ఉన్నాయేమో మీ కళ్లతో చూడండి.

మనవాళ్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన గండం ఉంది, ఇంటిపేరు. ఫారాల్లో మొదటి పేరు, చివరి పేరు అని గళ్లు ఉంటాయి. మన ఇంటిపేరు ముందొస్తుంది. క్లర్కు దాన్ని మొదటి పేరు గడిలో రాస్తాడు. ఆవిడ పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంతో, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో భర్త ఇంటిపేరుతో, పార్ట్ టూలో ఇంటిపేరే లేకుండా ఉంటుంది. ఒకే మనిషి, నాలుగు పేర్లు. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. రిటైరయ్యేటప్పుడు జాయింట్ ఫొటో అంటించి పెన్షన్ పత్రాలు పంపగానే అబ్జెక్షన్ వస్తుంది, లేదా ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఆగిపోతుంది. అంతకన్నా ఘోరం, మీరు లేని రోజున ఆ నాలుగు పేర్లూ ఒకరివేనని ఆవిడ ఒక్కతే నిరూపించుకోవాల్సి రావడం. సాధారణ కుటుంబ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం, సర్వీసులో ఉండగా పోతే మొదటి పదేళ్లు 50 శాతం, యుద్ధ సంబంధమైతే లిబరలైజ్డ్ కింద 100 శాతం. ఇంత మొత్తం ఒక అక్షరం దగ్గర ఆగిపోకూడదు.

తర్వాత నామినేషన్లు. చాలామంది అనుకునేట్టు ఇది ఒక్క ఫారం కాదు. డీఎస్ఓపీ ఫండ్‌కి (ఆఫీసర్ల ప్రావిడెంట్ ఫండ్) ఒకటి, ఏజీఐఎఫ్ బీమాకి (ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్) ఒకటి, గ్రాట్యుటీకి ఒకటి. బ్యాంకు, మ్యూచువల్ ఫండ్, డీమ్యాట్, ఎల్ఐసీ ఇవన్నీ వేర్వేరు. పెళ్లికి ముందు అకాడమీలో సంతకం పెట్టిన ఏజీఐఎఫ్ నామినేషన్ తల్లి పేరు మీద అలాగే ఉండిపోయిన కేసులు కొల్లలు. అమ్మకి కొంత శాతం ఇవ్వాలని మీరు అనుకుంటే నిస్సందేహంగా రాయండి, అది కావాలని రాసింది అయ్యుండాలి, మర్చిపోయి మిగిలింది కాకూడదు. వీలునామా కూడా రాసేయండి. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాయకపోతే హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మీ సొంత ఆస్తిలో తల్లి, భార్య, పిల్లలు తలా ఒక సమాన వాటా. మీ విషయంలో నాలుగు వాటాలు, అందులో రెండు మైనర్లవి. మైనర్ వాటా ఉన్న స్థలం అమ్మాలంటే కోర్టు గడప ఎక్కాలి.

అమ్మగారిని డిపెండెంట్‌గా చూపాలంటే రెండు షరతులు: ఆవిడ ఆదాయం నెలకి 9,000, దాని మీద డీఏ కలిపి వచ్చే మొత్తం దాటకూడదు. మామూలుగా మీతో కలిసి ఉంటుండాలి. నాన్నగారి తరఫున ఆవిడకి కుటుంబ పెన్షన్ వస్తుంటే ముందు ఆ అంకె చూసుకోండి. అది దాటితే మిలిటరీ ఆసుపత్రి మీద ఆశ పెట్టుకోకుండా ఇప్పుడే ఆవిడ పేరున ఆరోగ్య బీమా తీసుకోండి. పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే.

ఇక జీతం. పాత యూనిట్ మిమ్మల్ని ఎస్ఓఎస్ చేయాలి (తన జాబితాలోంచి తీసేయాలి), కొత్త యూనిట్ టీఓఎస్ చేయాలి (తన జాబితాలోకి చేర్చుకోవాలి). రెండోది ఆలస్యమైతే ఫీల్డ్ అలవెన్సు మొదలవదు. క్వార్టర్ ఖాళీ చేస్తే వెకేషన్ రిపోర్టు వెళ్లాలి. వెళ్లకపోతే మీరు ఇల్లు వదిలాక కూడా అద్దె కోత నడుస్తూనే ఉంటుంది, హెచ్ఆర్ఏ రాదు. దీనికి తిరగబడ్డ కేసు ఇంకా ప్రమాదం: క్వార్టర్‌లో ఉంటూ పొరపాటున హెచ్ఆర్ఏ పడుతూ ఉంటుంది, చూసుకోరు, ఏడాది తర్వాత మొత్తం ఒకేసారి రికవరీ పెడతారు. పే స్లిప్‌లో అదనంగా పడిన రూపాయి మీది కాదు, అప్పు అని గుర్తుంచుకోండి. మొదటి మూడు నెలల స్లిప్పులు మీరు ఇంటర్నెట్ లేక చూడలేకపోతే ఆవిడకి పంపే ఏర్పాటు చేసుకోండి, నాలుగు గళ్లు చూడమనండి చాలు: ఫీల్డ్ అలవెన్సు, హెచ్ఆర్ఏ, అద్దె, డీఎస్ఓపీ.

పిల్లల చదువు అలవెన్సు 2024 జనవరి నుంచి ఒక్కొక్కరికి నెలకి 2,812.50, అంటే ఏడాదికి 33,750. ఇద్దరు పిల్లల వరకు. విద్యా సంవత్సరం అయ్యాక ఒక్కసారే క్లెయిమ్, స్కూలు ప్రిన్సిపల్ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ జత చేయాలి. మార్చి ఆఖరుకి ఏడాది పూర్తవుతుంది, మీరు ఏప్రిల్ మొదట్లో వెళ్తున్నారు. ఆ సర్టిఫికెట్లు రెండూ వెంట తీసుకెళ్లండి, లేకపోతే ఆ కాగితం మీ చేతికి వచ్చేసరికి దసరా అవుతుంది.

డీఎస్ఓపీకి ఏడాదికి 5 లక్షల పరిమితి ఉంది, వడ్డీ 2020 నుంచి 7.1 శాతం దగ్గరే ఆగి ఉంది. ఫీల్డ్‌లో ఖర్చు తగ్గుతుందని చాలామంది జీతం అంతా అందులోకి తోసేస్తారు. ముందు ఆరు నెలల ఇంటిఖర్చు, ఇద్దరిలో ఎవరైనా తీసుకునే జాయింట్ ఖాతాలో ఉంచి, ఆ తర్వాతే డీఎస్ఓపీ పెంచండి.

జోజిలా_దాటాక:

సెలవుల గురించి అడిగారు. సర్, ఏడాదికి 60 రోజులు ఆన్యువల్, 20 రోజులు క్యాజువల్. రెండింటినీ కలిపి ఒకేసారి వాడుకోలేరు, ఇది ముందే అనుకుని ప్లాన్ వేయండి.

లద్దాఖ్‌లో సెలవుని ముక్కలు చేయాల్సింది ఎత్తును బట్టి. అలవాటు పడే షెడ్యూల్ ఇది: 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 12,000 నుంచి 15,000 దాకా నాలుగు, ఆపైన ఇంకో నాలుగు, మొత్తం 14. లేహ్ దాదాపు 11,500 అడుగులు కాబట్టి మొదటి ఆరు రోజులు అక్కడే. తొలి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఆ తర్వాతే నడక. కిందికి వెళ్లి నాలుగు వారాలు దాటి తిరిగొస్తే ఈ మొత్తం మళ్లీ మొదటి నుంచీ. నాలుగు వారాల లోపైతే చిన్న షెడ్యూల్ సరిపోతుంది. అందుకే 60 రోజులూ ఒక్క దెబ్బకి పెట్టుకోవడం తెలివితక్కువ: మీరు పోస్టుకి చేరేసరికి రెండున్నర నెలలు దాటతాయి, కమాండింగ్ ఆఫీసర్ సంతోషించడు, పిల్లలకీ మిగతా పది నెలలు నాన్న ఉండడు. ప్రయాణంతో కలిపి నాలుగు వారాలు దాటకుండా రెండు ముక్కలు, మిగిలినవి అత్యవసరానికి. వచ్చేవాళ్లలో తలనొప్పి, వాంతులు ఉంటే దాచి షెడ్యూల్ ముగించేయడం చాలా ప్రమాదం. ఊపిరితిత్తుల్లో నీరు చేరేది సరిగ్గా ఆ తొందరలోనే, దానికి అసలు వైద్యం కిందికి దింపడమే.

ముక్కలు ఎప్పుడు? మొదటిది మే చివర నుంచి జూన్, స్కూలు సెలవులు, దారులూ తెరిచి ఉంటాయి. రెండోది చాలామంది దసరా దీపావళికి అడుగుతారు, యూనిట్‌లో ఆ సమయానికే సగం మంది క్యూలో ఉంటారు. మీకు తొమ్మిదో తరగతి ఉంది కాబట్టి ఫిబ్రవరి మీద కన్నేయండి, వార్షిక పరీక్షలకి ముందు. ఇబ్బంది వాతావరణమే. చలికాలంలో జోజిలా మీదుగా రోడ్డు మూసుకుంటుంది, మనాలి దారీ అంతే. మిగిలేది విమానం. లేహ్‌లో మబ్బు పట్టినా, మధ్యాహ్నం గాలి లేచినా విమానం రద్దు. చండీగఢ్ నుంచి వాయుసేన కొరియర్ ఉంది, అక్కడ ట్రాన్సిట్ క్యాంపులో రెండు మూడు రోజులు పడిగాపులు మామూలే. అందుకని ఢిల్లీ నుంచి హైదరాబాద్ టికెట్ మార్చుకునే వీలున్నదే కొనండి. "నేను ఫలానా రోజు ఉదయానికి ఉంటాను" అని పిల్లలకి తేదీ చెప్పొద్దు, "ఆ వారంలో వస్తాను" అని చెప్పండి. పుట్టినరోజు నాటికి రాలేకపోయిన నాన్న కన్నా, మాటిచ్చి రాని నాన్న ఎక్కువ గుర్తుంటాడు.

ఫోను: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లో పనిచేయదు. ఇప్పుడున్న నంబర్‌ని ఇక్కడుండగానే పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి, మర్చిపోతే అక్కడికెళ్లి మీ ఖాతా మీరే తెరవలేరు.

ఉత్తరాలు, పార్సిళ్లు: చిరునామా కేరాఫ్ 56 ఏపీఓ, తొమ్మిదితో మొదలయ్యే పిన్. తపాలా శాఖ ద్వారా పంపితేనే చేరుతుంది, ప్రైవేటు కొరియర్లు తీసుకోవు. అమ్మగారు పంపే పచ్చళ్లకి గాజు సీసా వద్దని చెప్పండి. సీసా పగిలితే నూనె మొత్తం డాక్ సంచీని తడుపుతుంది.

బట్టలు కొనకండి. చలి బట్టలు, బూట్లు, స్లీపింగ్ బ్యాగు యూనిటే ఇస్తుంది. మంచి నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునే బామ్, ఇవి మాత్రం మీవి.

ఆలివ్16:

చాలా థ్యాంక్స్ అందరికీ. సికింద్రాబాద్‌లో ఎస్ఎఫ్‌కే దరఖాస్తు పెట్టాను, అమ్మ వస్తానంది. రెండు సందేహాలు. పార్ట్ టూ చూశాను, మా ఆవిడ పేరులో ఇంటిపేరు లేదు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఏది మార్చాలి? ఇంకా, పాత క్వార్టర్ నుంచి ఎస్ఎఫ్‌కి సామాను మారేటప్పటికి నేను ఉండకపోవచ్చు. ఆవిడ ఒక్కతే మార్చింగ్ అవుట్ (ఖాళీ చేసిన క్వార్టర్‌ని అప్పగించడం) ఇవ్వగలదా?

పాతలెడ్జర్:

పేరు గురించి: ముందు ఆవిడ పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు, పాన్ పక్కపక్కన పెట్టుకోండి. మిగతావన్నీ ఆధార్‌తో సరిపోతే పార్ట్ టూనే సవరించాలి. ఆధార్ ఒక్కటే వేరుగా ఉంటే ఆధార్ మార్చడం తేలిక, కాకపోతే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, ఇప్పటికే ఒకసారి వాడేశారేమో చూసుకోండి. పార్ట్ టూ సవరణకి ఇద్దరి సంతకాలతో అఫిడవిట్, వివాహ ధ్రువపత్రం, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ నకళ్లతో యూనిట్‌కి అర్జీ పెట్టండి. అఫిడవిట్‌లో "ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి" అనే వాక్యం తప్పక ఉండాలి. ఇది పాత యూనిట్‌లోనే పూర్తి చేయించండి. ఎస్ఓఎస్ అయ్యాక రెండు యూనిట్లూ మీది కాదంటే మీది కాదంటాయి. ప్రచురించిన కాపీ ఒకటి ఇంట్లో ఫైల్లో ఉండాలి.

అర్జీలో ఇంటిపేరు ఏ గడిలో వస్తుందో మీరే పెన్సిల్‌తో రాసి క్లర్కుకి ఇవ్వండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఆధార్‌లో ఉన్నట్టే, ఒక్క అక్షరం, ఒక్క ఖాళీ కూడా తేడా లేకుండా.

గన్నర్‌గారిల్లాలు:

మార్చింగ్ అవుట్ ఆవిడ ఒక్కతే ఇవ్వొచ్చు అన్నయ్యా, మీరు వెళ్లేముందు ఆవిడకి అధికార పత్రం రాసి ఇవ్వండి. ఒక చిట్కా: మీరు ఉండగానే మొదట ఇచ్చిన ఇన్వెంటరీ తీసి ఇల్లంతా తిరగండి. ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, గీజర్, కర్టెన్ రాడ్లు, కుళాయిలు, కిటికీ జాలీలు, తలుపుల తాళాలు. తప్పిపోయినవీ విరిగినవీ ముందే ఎమ్ఈఎస్‌కి (క్వార్టర్ల మరమ్మతులు చూసే మిలిటరీ ఇంజినీరింగ్ విభాగం) కంప్లయింట్ రాసి నంబరు తీసుకోండి. కంప్లయింట్ నంబరు ఉంటే అది అరుగుదల, లేకపోతే అది మీరు చేసిన నష్టం, డబ్బు మీదే. పెద్ద గొడవ వచ్చేది గోడలతోటే: పాప గీసిన బొమ్మలు, ఏసీ కోసం కొట్టిన కన్నం. ఇంటి ఫొటోలు తేదీతో తీసిపెట్టుకోండి. చివర్లో తాళం ఇచ్చినట్టు సంతకం చేసిన కాగితం లేకుండా ఆవిడ అక్కణ్నుంచి కదలకూడదు, వెకేషన్ రిపోర్టు దాని మీదే పుడుతుంది.

సామాను విషయం. స్టేషన్ లోపలే మారడం కదా అని ట్రంకులు సర్దకుండా సంచుల్లో మోస్తారు, తప్పు. నల్ల ట్రంకులు ఒక్కో దానికీ నంబరు, మూత మీదా రెండు పక్కలా తెల్ల పెయింటుతో వేయండి. మూత మీద ఒక్కచోటే వేస్తే ఒకదాని మీద ఒకటి పేర్చగానే కనపడదు. లోపలేముందో రెండు కాపీలు రాసి ఒకటి మూత లోపల అంటించండి, ఇంకోటి ఆవిడ ఫోన్లో ఫొటోగా. పుస్తకాల ట్రంకుని సగానికే నింపి పైన దుప్పట్లు పెట్టండి, నిండా పుస్తకాలు పెడితే ఇద్దరు మనుషులు లేపలేరు, అడుగు రేకు ఊడొస్తుంది. వాషింగ్ మెషీన్ ఫ్రంట్ లోడ్ అయితే డ్రమ్ము బిగించే ట్రాన్సిట్ బోల్టులు కొన్నప్పుడు తీసి ఎక్కడో దాచి ఉంటారు, వెతకండి. అవి లేకుండా లారీలో వేస్తే డ్రమ్ము సస్పెన్షన్ పోతుంది. ఫ్రిజ్ నిలబెట్టే తీసుకెళ్లాలి, దించాక కొన్ని గంటలు ఆగి ప్లగ్ పెట్టాలి. గ్యాస్ ఏజెన్సీ మారకపోతే అడ్రస్ మార్పు చాలు. మారితే సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించి వోచర్ తీసుకోవాలి.

ట్రంకు నంబరు 1లో మాత్రం సామాను పెట్టకండి, కాగితాలే. పార్ట్ టూ కాపీలు, నామినేషన్ నకళ్లు, వీలునామా, పిల్లల టీకా కార్డులు, స్టడీ సర్టిఫికెట్లు, అమ్మగారి మందుల చీటీలు, కారు ఆర్సీ, బీమా. ఆ ట్రంకు లారీ ఎక్కదు, ఆవిడతో కారులో వెళ్తుంది.

ఓరుగల్లు_సప్పర్:

కారు మాట వచ్చింది కాబట్టి: తెలంగాణ నంబరుతో సికింద్రాబాద్‌లోనే ఉంటే ఏమీ చేయక్కర్లేదు. రేపు కమాండ్‌కి వేరే రాష్ట్రం తీసుకెళ్తే 12 నెలలు దాటాక అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. కొత్త కారు కొనే ఆలోచన ఉంటే బీహెచ్ సిరీస్ తీసుకోండి, 2021 నుంచి ఉంది, పన్ను రెండేళ్లకొకసారి.

జోజిలా_దాటాక:

ఒకటి మర్చిపోయాను సర్. ఓటు. సర్వీస్ ఓటరుగా ఫారం 2తో నమోదు చేసుకుంటే బ్యాలెట్ ఎలక్ట్రానిక్‌గా మీ యూనిట్‌కి వస్తుంది, ప్రింట్ తీసి ఓటేసి తపాలాలో తిప్పి పంపాలి. కానీ భార్య సర్వీస్ ఓటరు కావాలంటే మీతో కలిసి ఉంటుండాలి. ఆవిడ సికింద్రాబాద్‌లో ఉంటుంది కాబట్టి అక్కడి మామూలు జాబితాలోనే పేరు ఉంచండి, క్వార్టర్ మారగానే చిరునామా ఫారం 8తో మార్పించండి. మీ పేరు వరంగల్ జాబితాలో పాతది మిగిలి ఉంటే తీయించేయండి, రెండు చోట్లా ఉండకూడదు.